షాడో డ్రెస్ కుట్టిస్తే వకీలు గౌను వచ్చింది, ఇప్పుడేం చేయాలి?

అర్ధరాత్రి_నగేష్
ఈసారి కామిక్స్ అభిమానులు వేషాలేసుకొచ్చే కామిక్ కాన్‌కి ది షాడో వేషం వేద్దామని ఆరు నెలలుగా అనుకుంటున్నా. 1930ల నాటి న్యూయార్క్ పల్ప్ హీరో, అంటే చవక కాగితం మీద అచ్చయ్యే కథల పత్రికల హీరో. భుజాల మీంచి మడమల దాకా వేలాడే నల్ల క్లోక్, లోపల ఎర్ర లైనింగ్, అంచు కిందికి వాల్చిన నల్ల టోపీ, రెండు చేతుల్లో రెండు .45 పిస్తోళ్లు, వేలికి నిప్పులా మెరిసే గిరసోల్ ఉంగరం. మా వీధి చివర టైలర్‌కి ఫోన్‌లో బొమ్మ చూపించి, కొలతలిచ్చి, నల్ల బట్ట, ఎర్ర శాటిన్ చేతిలో పెట్టా. "అయిపోతుంది లెండి, ఇందులో ఏముంది" అన్నాడు.

నిన్న తెచ్చుకుని అద్దం ముందు వేసుకున్నా. మా నాన్న పేపర్లోంచి తలెత్తి చూసి "వాయిదా ఎప్పటికి పడింది?" అన్నారు.

నిజంగానే అచ్చం వకీలు గౌను. భుజాల మీద ఉబ్బు, వీపున కుచ్చులు. కాలరేమో వాడిపోయిన తోటకూర కాడలా వాలిపోయింది. ఎర్ర లైనింగ్ బయటికి కనపడనే కనపడదు. బట్టకి 2,600, కుట్టుకూలి 1,200. ఇంకా ఐదు వారాలే ఉంది. దీన్నే సరిచేయించొచ్చా, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలా? ఫొటోలు పెట్టా. నవ్వుకోవడం అయ్యాక చెప్పండి.

గంగారాం_ఫ్యాన్
షాడో అని చూసి మధుబాబు గారి గూఢచారి నవలల షాడో అనుకుని పరిగెత్తుకొచ్చా. మన షాడోకి గౌను ఎందుకయ్యా అని రెండుసార్లు చదివా.

ఫోమ్‌షీట్_పహిల్వాన్
మెడకి రెండు తెల్ల పట్టీలు కట్టుకుని కోర్టు మెట్లెక్కు బ్రో. పెట్టిన డబ్బులు వారంలో వెనక్కొస్తాయి.

ఎడిసన్_చిన్నోడు
@గంగారాం_ఫ్యాన్ ఈయన మన షాడో కంటే చాలా ముందువాడు అన్నా. 1930లో అమెరికా రేడియోలో డిటెక్టివ్ కథలు వినిపించే ఒక గొంతుకి షాడో అని పేరు పెట్టారు. జనానికి కథల కన్నా ఆ గొంతు నచ్చింది. పుస్తకాల కొట్టుకెళ్లి "ఆ షాడో పత్రిక ఇవ్వండి" అని అడగటం మొదలుపెట్టారు. అప్పటికి అలాంటి పత్రికే లేదు! అడుగుతున్నారు కదా అని స్ట్రీట్ అండ్ స్మిత్ కంపెనీ 1931 ఏప్రిల్‌లో పత్రిక మొదలుపెట్టేసింది. మాక్స్‌వెల్ గ్రాంట్ అనే పేరుతో రాసింది వాల్టర్ గిబ్సన్. ఆయనకు గారడీ విద్య కూడా బాగా వచ్చు. 1949 దాకా 325 నవలలు వస్తే అందులో 280కి పైగా ఆయన ఒక్కడే రాశాడు. కొన్నేళ్లపాటు నెలకి రెండు.

గంగారాం_ఫ్యాన్
నెలకి రెండా. మా అద్దె లైబ్రరీ ఆయనకి ఈ సంగతి తెలిస్తే ఏడ్చేవాడు.

కత్తెర_కామేశ్వరి
ఫొటో చూశా. వీపు మీద అడ్డంగా పట్టీ వేసి, దాని కింద కుచ్చులు పోశాడా? దగ్గర నుంచి ఇంకోటి తీసి పెట్టు తమ్ముడూ.

అర్ధరాత్రి_నగేష్
అవునక్కా. పట్టీ రెండున్నర అంగుళాలు. కుచ్చులు కూర్చుని లెక్కపెట్టా, 22.

కత్తెర_కామేశ్వరి
అయితే ఆయన్ని అనడానికి లేదు. మెడ నుంచి మడమ దాకా నల్లగా, వదులుగా, చేతులు మూసేలా ఉండాలన్నావు. ఆయన చేతికి అలవాటైన నల్ల బట్ట గౌనే. బొమ్మలో క్లోక్ ఎలా వేలాడుతుందో కనిపిస్తుంది గానీ ఎలా కత్తిరించారో కనపడదు కదా.

క్లోక్‌కి కుచ్చులుండవు. అది గుండ్రం కోత. కిందికి వెళ్లేకొద్దీ మడతలు వాటంతట అవే పడాలి, భుజం దగ్గర మాత్రం నున్నగా ఒంటికి అతుక్కుని ఉండాలి. నీ మెడ చుట్టుకొలత 16 అంగుళాలు అనుకుందాం. అరవృత్తం కోతకి 16ని 3.14తో భాగించు, 5 అంగుళాల చిల్లర వస్తుంది. అది మెడ దగ్గర గీసే చిన్న గీత. అక్కడ నుంచి పొడవు 52 అంగుళాలు. రెండూ కలిపితే 57. సూటింగ్ బట్ట పన్నా 58 ఉంటుంది కాబట్టి అతుకు లేకుండా సరిగ్గా పడుతుంది, 3 మీటర్లు చాలు. పొడవు 52 దాటిందా, పన్నా చాలదు, అతుకు పడుతుంది. అందుకే ఒక అంగుళం తగ్గినా పర్లేదు, పెంచొద్దు.

ఇంకా నిండుగా, తిరిగితే ఎగిరేలా కావాలంటే ముప్పావు వృత్తం. మెడ గీత మూడున్నరకి తగ్గుతుంది, బట్ట నాలుగుంబావు మీటర్లు పడుతుంది. నిన్ను చూస్తే సన్నగా ఉన్నావు, నీకు ముప్పావే బాగుంటుంది.

శాటిన్ దగ్గర అందరూ తప్పు చేస్తారు. దాని పన్నా ఎక్కువగా 44. అరవృత్తానికే నిలువుగా మూడు పట్టీలు కలిపి కుట్టుకోవాలి, నాలుగున్నర మీటర్లు తీసుకో. ముప్పావుకి ఇంకో రెండు మీటర్లు పైన.

అర్ధరాత్రి_నగేష్
అక్కా, ఈ పాత గౌను విప్పి అందులోంచి రాదా?

కత్తెర_కామేశ్వరి
నిలువు ముక్కలుగా కోసేశాడు. గుండ్రం ఎక్కడ నుంచి వస్తుంది? దాన్ని అలాగే వదిలెయ్. అయినా ఆ బట్ట మెరుస్తోంది, ఫ్లాష్ పడితే గొడుగు గుడ్డలా ఉంటుంది. మెరుపు లేని టెర్రీవూల్ గానీ మందం క్రేప్ గానీ చూడు. కొట్లో బట్ట మూల పట్టుకుని పైకెత్తు. బరువుగా కిందికి జారి మడత పడితే తీసుకో. రెక్కలా విచ్చుకుని నిలబడితే వద్దు.

బెజవాడ_బుల్లెబ్బాయ్
ఇంత తిప్పలు ఎందుకు? మన కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ లేడా? సూటు వేసుకుంటే వేషం అయిపోయింది. పక్కన రాజు వేషానికి నేనొస్తా. అమెరికావాడి గౌనుకి ఏడు మీటర్ల శాటినా!

ఫోమ్‌షీట్_పహిల్వాన్
యుగంధర్ అని మెడలో బోర్డు వేసుకోవాలి బ్రో. సూటు వేసుకుని హాల్లో నిలబడితే ఇన్సూరెన్స్ ఏజెంట్ అనుకుని జనం పక్కకి తప్పుకుంటారు.

బెజవాడ_బుల్లెబ్బాయ్
షాడోని మాత్రం ఎవడు గుర్తుపడతాడు? డ్రాక్యులా అంటారు. రాసి పెట్టుకో.

గంగారాం_ఫ్యాన్
యుగంధర్‌ని ఇన్సూరెన్స్ ఏజెంట్ అన్నవాడెవడు? బయటికి రమ్మనండి.

మోడరేటర్
యుగంధర్ గొడవకి వేరే దారం తెరుచుకోండి. ఇక్కడ సూదిలోకి ఎక్కించేది నడుస్తోంది.

పాతపుస్తకం_పరమేశం
కుట్టడానికి ముందు ఒక సంగతి తేల్చుకో నగేష్. ఏ షాడో వేషం వేస్తున్నావు? నీ ఫొటోలో ఎర్ర స్కార్ఫ్ మూతికి అడ్డంగా కట్టావు. అది 1973లో డీసీ కామిక్స్‌కి మైకేల్ కలూటా వేసిన షాడో. తర్వాత 1994 సినిమాలోనూ స్కార్ఫే. గిబ్సన్ రాసిన షాడో మొహాన్ని దాచేది పైకెత్తిన క్లోక్ కాలరు, వాల్చిన టోపీ అంచు. ఆ రెండిటి మధ్య డేగ ముక్కు, రెండు కళ్లు. అంతే.

పల్ప్ షాడో కావాలంటే నీ ఎనభై శాతం కష్టం కాలర్ మీద పెట్టు.

ఎడిసన్_చిన్నోడు
పరమేశం గారూ, నేను ఒప్పుకోను. జనం బుర్రలో ఉన్న షాడో అట్ట మీది బొమ్మే. జార్జ్ రోజెన్ ఏళ్ల తరబడి వేసిన అట్టల్లో ఎరుపు కొట్టొచ్చినట్టు కనపడుతుంది. స్కార్ఫ్ తీసేస్తే నిలువెల్లా నల్లటి మనిషి. దూరం నుంచి చూస్తే దుప్పటి కప్పుకున్న వాచ్‌మన్.

పాతపుస్తకం_పరమేశం
ఆ ఎరుపు చాలా అట్టల్లో లైనింగ్‌దే నాయనా. కాలర్ పైకి లేచినప్పుడు లోపలి గుడ్డ మొహం పక్కన కనపడుతుంది. స్కార్ఫ్ అని మనం అనుకుంటాం. ఇక అట్టే ప్రమాణం అంటావా, మొదటి సంచిక అట్ట అసలు షాడో కోసం వేసిన బొమ్మే కాదు. అదే కంపెనీ 1919లో వేసిన వేరే పత్రిక అట్ట ఒకటి గోదాంలో ఉంటే తీసి వాడేశారు. దాని ప్రకారం వేషం వేస్తే నగేష్ గోడ మీద నీడగా వెళ్లాలి.

ఎడిసన్_చిన్నోడు
అలా అయితే రేడియో షాడో ఇంకా మేలు. 1937లో ఆర్సన్ వెల్స్ గొంతు ఇచ్చిన షాడో ఎదుటివాళ్ల బుద్ధిని మసకబార్చి కంటికి కనపడకుండా తిరుగుతాడు. పైసా ఖర్చు లేదు. గేటు దగ్గర టికెట్ కూడా అడగరు.

అర్ధరాత్రి_నగేష్
😂 పల్ప్ షాడోకే ఓటు. స్కార్ఫ్ జేబులో పెట్టుకుంటా, ఎవరైనా గుర్తుపట్టకపోతే తీస్తా. మరి లోపల ఏం వేసుకోవాలి?

పాతపుస్తకం_పరమేశం
నవలల్లో షాడో ఎక్కువగా లామంట్ క్రాన్‌స్టన్ అనే డబ్బున్న క్లబ్బు మనిషి రూపంలో తిరుగుతాడు. నిజం క్రాన్‌స్టన్ వేరే ఉంటాడు, ఆయన ఊళ్లు తిరుగుతుంటే వీడు ఆయన మొహం వాడుకుంటాడు. అసలు మనిషి కెంట్ అలార్డ్, మొదటి ప్రపంచ యుద్ధంలో విమానం నడిపినవాడు. ఆ గుట్టు 1937లో గానీ విప్పలేదు. కాబట్టి క్లోక్ కింద నల్ల సూటు, తెల్ల చొక్కా, నల్ల టై. పెళ్లికి కుట్టించుకున్న సూటు ఉంటే అదే చాలు.

అర్ధరాత్రి_నగేష్
పెళ్లి సూటు మెరూన్ అండీ. మా అత్తగారి ఎంపిక.

పద్యనాటకం_పంతులు
తెనాలి దగ్గర మాది. మా నాన్నగారు ముప్పై ఏళ్లు డ్రామా డ్రెస్సులు అద్దెకిచ్చేవారు. ఈ షాడో ఎవరో నాకు తెలియదు గానీ భుజాల మీంచి వేలాడే బట్ట గురించి కొంచెం తెలుసు.

మొదటిది, గొంతు. కాలర్ దగ్గర ఒక్క హుక్కు పెట్టి వదిలేస్తే కిలోన్నర బరువు వెనక్కి లాగుతుంది, పది నిమిషాల్లో గొంతు పట్టేస్తుంది. మా వాళ్లు లోపల రెండు పట్టీలు కుట్టేవారు. భుజం మీంచి వచ్చి, చంకల కింద నుంచి వెనక్కి పోయి కట్టుకోవాలి, పిల్లల బడి సంచిలాగా. బరువంతా భుజాల మీద పడుతుంది. హుక్కు అలంకారానికే. నువ్వు క్లోక్ లోపల సూటు వేస్తావు కాబట్టి కోటు భుజాల మీద రెండేసి టిచ్ బటన్లు పెట్టించినా సరిపోతుంది.

రెండోది, అంచు. కింద మడతలో సన్నటి ఇనుప గొలుసు పెట్టి కుట్టు. గాలికి లేచి మొహాన పడకుండా ఉంటుంది, తిరిగినప్పుడు అందంగా తిరిగి దిగుతుంది. మా నాన్నగారు వల గుళ్లు వేసేవారు. సీసం కదా, ఉతికితే నల్లటి మరక దిగేది. గొలుసే మేలు.

మూడోది, కూర్చోవడం. ఒకసారి రాయబారంలో దుర్యోధనుడి వేషగాడు సింహాసనం మీంచి కోపంగా లేవబోయాడు. మఖమల్ కేపు కుర్చీ కాలి కింద ఇరుక్కుంది. లేచినవాడు లేచినట్టే వెనక్కి కూలబడ్డాడు. పద్యం మాత్రం ఆపలేదు. పైగా వన్స్‌మోర్ పడింది. రెండోసారి కూర్చునే పాడాడు.

ఫోమ్‌షీట్_పహిల్వాన్
వన్స్‌మోర్ పద్యానికా పడటానికా పంతులుగారూ?

పద్యనాటకం_పంతులు
ఆ సంగతి ఇప్పటికీ తేలలేదు.

కత్తెర_కామేశ్వరి
గొలుసు మాట బంగారం. నేను రాయడం మరిచింది ఒకటుంది. గుండ్రం కోసిన బట్టలో కొంత భాగం క్రాస్‌లో పడుతుంది, అది సాగుతుంది. కోసిన రోజే అంచు మడిచి కుట్టారో, వారానికి కింద మెట్లు మెట్లుగా తయారవుతుంది. కాలర్ కుట్టాక హ్యాంగర్‌కి తగిలించి ఒక రోజంతా వదిలెయ్, వీలైతే రెండు రోజులు. తర్వాత వేసుకుని నిలబడు, ఇంకొకరు నేల నుంచి స్కేలు పెట్టి చుట్టూ సుద్దతో గుర్తు పెట్టాలి. అప్పుడు కత్తిరించి మడవాలి. లైనింగ్ కింద కుట్టొద్దు, ఒక అంగుళం పొట్టిగా విడిగా వదిలెయ్. రెండూ కలిపి కుడితే ఒకటి ఇంకోదాన్ని లాగుతుంది.

కాలర్‌కి ఒక బక్రం చాలదు. రెండు పొరలు, మధ్యలో అంచు పొడవునా సన్నటి తీగ. ఎత్తు చెవి తమ్మె దాకా, అయిదు అంగుళాలు. తీగ కొసలు వంచి గుడ్డతో చుట్టు, లేకపోతే బుగ్గ గీసుకుంటుంది. లోపలి వైపు ఎరుపు.

ఎరుపు అంటే టమాటా ఎరుపు కాదు. నీ ఫొటోలో ఉన్నది అదే. పండిన దానిమ్మ గింజ చూపించి ఆ రంగు ఇవ్వమను.

అర్ధరాత్రి_నగేష్
జనరల్ బజార్లో కొట్టతనికి నిజంగానే దానిమ్మ గింజలు చూపించా అక్కా. ఆయన రెండు తినేసి మూడో తాను తీశాడు, సరిగ్గా అదే రంగు.

టోపీ సంగతి ఎవరూ చెప్పలేదు. రోడ్డు పక్కన 350కి కొన్న ఫెడోరా ఉంది. అంచు రెండంగుళాలు, అప్పడంలా నిలబడి ఉంది.

ఎడిసన్_చిన్నోడు
అది పనికిరాదు. లోపల అట్ట ఉంటుంది, ఆవిరి పడితే ఉబ్బి చస్తుంది. షాడోది స్లౌచ్ హ్యాట్, అంచు మూడంగుళాలకు తగ్గకూడదు. ఊలు ఫెల్ట్‌ది కొను. నుదుటి మీద చెవుల పైనుంచి టేపు చుట్టి కొలుచుకో. 58 సెంటీమీటర్లు వస్తే అమెరికా సైజు ఏడుంబావు. క్లోక్ కాలర్‌కి వెనక అంచు తగిలి టోపీ ముందుకి తోసుకొస్తుంది, అది కొనేముందు చూసుకోవాలి. నేను చూసుకోలేదు. పోయిన హాలోవీన్‌కి తల తిప్పిన ప్రతిసారీ టోపీ ముక్కు మీదికి దిగింది. మా అబ్బాయి స్నేహితులు అది వేషంలో భాగం అనుకుని మెచ్చుకున్నారు.

బెజవాడ_బుల్లెబ్బాయ్
ఆవిరికి ఇడ్లీ పాత్ర వాడొచ్చా? సీరియస్‌గానే అడుగుతున్నా, నాకూ ఒక టోపీ ఉంది.

కత్తెర_కామేశ్వరి
బ్రహ్మాండంగా వాడొచ్చు. మూత కొంచెం పక్కకి జరిపి, వచ్చే ఆవిరి మీద అంచుని అర నిమిషం పట్టు. మెత్తబడగానే వేళ్లతో ఒక పక్క కిందికి, ఇంకో పక్క కొంచెం పైకి వంచి, చల్లారేదాకా అలాగే పట్టుకో. ఒకేసారి మొత్తం వంచేయాలని చూడకు. గట్టిగా నిలవాలంటే లోపలి వైపు స్పిరిట్‌లో కరిగించిన లక్క పల్చగా పూయి, వడ్రంగులు ఫ్రెంచ్ పాలిష్‌కి వాడేదే. ముందు కనపడని మూల మీద పూసి చూసుకో, ఎక్కువైతే తెల్లటి పొర కడుతుంది. వానలో మాత్రం తిరగొద్దు, ఊలు ఫెల్ట్ తడిస్తే మళ్లీ పాత అప్పడమే.

బెజవాడ_బుల్లెబ్బాయ్
మా ఆవిడ ఇడ్లీ పాత్ర దగ్గర నన్ను పట్టుకుంది. వివరాలు అనవసరం. టోపీ బాగా వచ్చింది.

గంగారాం_ఫ్యాన్
యుగంధర్ టోపీయేనా?

బెజవాడ_బుల్లెబ్బాయ్
మోడరేటర్ చూస్తున్నాడు, మాట్లాడకు.

ఫోమ్‌షీట్_పహిల్వాన్
పిస్తోళ్ల మాటకొద్దాం, నా ఏరియా. షాడోవి .45 ఆటోమేటిక్‌లు, రెండు. 10 ఎంఎం ఫోమ్ షీటు రెండు పొరలు అతికించి, బ్లేడుతో చెక్కి, హీట్ గన్ వేడి తగిలిస్తే పైభాగం బిగుసుకుంటుంది. నల్ల రంగు వేశాక ఆరనిచ్చి, పెన్సిల్ పొడిని వేలితో అంచుల మీద రుద్దు. అరిగిపోయిన ఇనుములా కనపడుతుంది. ఈ పెన్సిల్ పొడికి మించిన చిట్కా నాకు తెలియదు.

ఇంటి నుంచి హాలు దాకా సంచిలో పెట్టుకుని వెళ్లు, చేత్తో పట్టుకుని ఆటో ఎక్కకు. గేటు దగ్గర ప్రాప్స్ చూస్తారు, నిజం దానిలా ఉంటే లోపలికి రానివ్వరు. నేను వైజాగ్ నుంచి వస్తూ ఫోమ్‌దే కదా అని చేతి సంచిలో పెట్టా. బొమ్మ తుపాకులు కూడా క్యాబిన్‌లోకి కుదరవన్నారు. రెండు వారాలు చెక్కిన పిస్తోలు అక్కడి డబ్బాలో పడింది. వెనక్కి చూసుకుంటూ విమానం ఎక్కా.

ఎడిసన్_చిన్నోడు
ఇక్కడ అమెరికాలో బొమ్మ తుపాకీ అమ్మాలంటే మూతికి ఆరెంజ్ రంగు ముక్క ఉండాలని చట్టం. చాలామంది కాస్ట్యూమ్ కోసం దానికి నల్లరంగు వేసేస్తారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి, ఇక్కడ చీకట్లో పోలీసులకి అది బొమ్మో కాదో తెలియదు. నేను అసలు పిస్తోళ్లే మానేశా, చేతులకి నల్ల గ్లవ్స్, ఉంగరం, అంతే.

అర్ధరాత్రి_నగేష్
ఉంగరం దగ్గరే ఆగిపోయా. గిరసోల్ అంటే ఫైర్ ఒపల్ అని చదివా. రాళ్ల కొట్టుకెళ్లి ఒపల్ అడిగితే ఆయన కళ్లజోడు సవరించుకుని "శుక్ర మహర్దశా బాబూ?" అన్నాడు. కాదండీ, దొంగల్ని భయపెట్టడానికి అన్నా. ఇంకేం మాట్లాడకుండా లోపల పెట్టేశాడు.

కత్తెర_కామేశ్వరి
వజ్రం కొనలేనివాళ్లకి శుక్రుడికి ఒపలే చెబుతారు, అందుకే అలా అడిగాడు. వేషానికి నిజం రాయి దండగ. రెసిన్ పోయి. గోరింటాకు కోను చుట్టే ప్లాస్టిక్ కాగితం లేదూ, రంగులు మారుతూ మెరిసేది, అది గోరంత ముక్కలు చేసి రెండు పొరల మధ్య పెట్టు. కింది పొరలో ఒక్క చుక్క ఎర్ర రంగు. పైపొర ఉబ్బెత్తుగా రావాలి. మొదటిది చెడిపోతుంది, మూడు పోసుకో.

పాతపుస్తకం_పరమేశం
నవలల్లో ఆ ఉంగరం కనపడేది ఎక్కువగా ఒక్క చోటే. చీకటి గది, బల్ల మీద నీలం దీపం, ఆ వెలుగులో రెండు తెల్లటి చేతులు మాత్రమే. మనిషి కనపడడు. వేలికి ఆ రాయి రంగులు మారుతూ ఉంటుంది. ఫోన్ లైటుకి నీలం గాజు కాగితం కట్టి ఆ ఒక్క ఫొటో తీసుకో. మిగతా వేషం బాగా రాకపోయినా ఆ ఒక్క ఫొటో చాలు.

పద్యనాటకం_పంతులు
డేగ ముక్కు అన్నారు. మా రోజుల్లో దూది, స్పిరిట్ గమ్‌తో శకునికి ముక్కు పెట్టేవాళ్లం. ఉక్కపోతకి మూడో అంకంలో ఊడి వచ్చేది. ఇప్పుడు లేటెక్స్ అంటున్నారు. పెట్టే ముందు మోచేతి లోపల రాసి ఒక రోజు చూడండి, కొందరికి దద్దుర్లొస్తాయి. నన్నడిగితే ముక్కుకి రెండు పక్కలా గోధుమ రంగు నీడ దిద్ది, మధ్యలో సన్నటి తెల్ల గీత గీస్తే చాలు. కాలర్ లోంచి ముక్కే కదా కనపడేది. కళ్ల కింద కాటుక కొంచెం చెదరనివ్వండి.

అర్ధరాత్రి_నగేష్
నాలుగు వారాలైంది, మాట్లాడలేదు, సారీ. నిన్ననే కామిక్ కాన్ అయిపోయింది.

ముప్పావు వృత్తమే కుట్టించా. అదే టైలర్ దగ్గరికే వెళ్లా. కామేశ్వరి అక్క రాసింది ప్రింట్ తీసి ఇస్తే చదివి, కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మొదటే ఇలా చెప్పొచ్చుగా" అన్నాడు. నేల మీద బట్ట పరిచి, మేకుకి దారం కట్టి, కొసన సుద్ద పట్టుకుని ఒక్క చుట్టు తిరిగాడు. గీత ఎక్కడా వణకలేదు. గుండ్రం పడగానే పక్క కొట్టు వాళ్లని పిలిచి చూపించాడు. రెండు రోజులు హ్యాంగర్‌కి వేలాడదీస్తే ఒక పక్క ముప్పావు అంగుళం సాగింది. అక్కా, నువ్వు చెప్పకపోయి ఉంటే మెట్లే.

కాలర్ నిలబడింది. గొలుసు వేశా, నడిస్తే కాళ్లకి చల్లగా తగులుతోంది. తప్పు ఎక్కడ జరిగిందంటే హాల్లో ఎస్కలేటర్ దగ్గర. అంచు మెట్టు పళ్లలోకి పోబోతుంటే వెనకాల స్పైడర్‌మ్యాన్ వేషంలో ఉన్న కుర్రాడు గబుక్కున లాగాడు. మొత్తం క్లోక్ ఎత్తి పట్టుకుని, చీర కుచ్చిళ్లు పట్టుకున్నట్టు, పైకెళ్లా. దాని ఫొటో ఎవరో తీశారు, అదే అన్ని గ్రూపుల్లో తిరుగుతోంది.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా డ్రాక్యులా అన్నవాళ్లు 14 మంది. మెజీషియన్ అన్నవాళ్లు ఆరుగురు. షాడో అన్నది ఒక్కరే, ఓ పెద్దాయన. మనవరాలిని తీసుకొచ్చారు. ఆగి, ఉంగరం వైపు చూసి, "గిరసోలా?" అని అడిగి వెళ్లిపోయారు. పేరు కూడా అడగలేకపోయా.

బెజవాడ_బుల్లెబ్బాయ్
డ్రాక్యులా 14. నేను చెప్పానా లేదా? రాసి పెట్టుకోమన్నానా లేదా?

పాతపుస్తకం_పరమేశం
ఫొటోలు చూశా. కాలర్ బాగుంది. టోపీ వెనక అంచు తగులుతోంది, ఎడిసన్ అబ్బాయి చెప్పినట్టే. నీలం దీపం ఫొటో ఏది?

అర్ధరాత్రి_నగేష్
తీశానండీ. రాయి బాగా వచ్చింది. బల్ల మీద మా ఆవిడ టిఫిన్ ప్లేటు కూడా వచ్చింది. మళ్లీ తీసి పెడతా.

ఫోమ్‌షీట్_పహిల్వాన్
పాత గౌను ఏం చేశావు బ్రో? అద్దెకిస్తావా?

అర్ధరాత్రి_నగేష్
మా పిన్ని కొడుకు లా మూడో ఏడు. మూట్ కోర్టుకి కావాలన్నాడు, వేసి చూస్తే కుట్టించినట్టే ఉంది. లోపలి ఎర్ర శాటిన్ మాత్రం ఊడదీయించుకున్నాడు.

కత్తెర_కామేశ్వరి
ఆ శాటిన్ పారేశారా? మా పాపకి బడిలో టమాటా వేషం ఇచ్చారు.